అమ్మోరి గుర్రం మీది జీను

మా అత్తకు కాలు ఒక్కచోట నిలిచేది కాదు. నాకూ అంతే. కుదురులేని ఆడవాళ్లు ఇద్దరు ఒక ఇంట్లో ఉంటే ఆ ఇంట్లో గిన్నెలు కూడా కుదురుగా ఉండవని మా ఆయన అనేవాడు. భద్రాచలంలో అప్పుడు మేమున్న కిరాయి ఇంటికి ముందు గది, వెనక గది, మధ్యలో ఒక గడప ఉండేవి. జాతర ఏడు వచ్చిందంటే ఆమె ఆ గడప మీద కూర్చునేది కాదు, దాన్ని దాటి పోయేదీ కాదు. బియ్యం ఏరుతూ ఏరుతూ లేచేది. చేట అక్కడే వదిలేసి వీధిలోకి తొంగిచూసేది. చర్ల బస్సు హారన్ వినపడితే కొంగు సర్దుకునేది. ఎక్కడికి పోతావత్తా అంటే ఎక్కడికీ లేదనేది. నేను విసుక్కునేదాన్ని. విసుక్కోవడం నాకు బాగా వచ్చిన పని.

ఆమె మనసంతా ఒక జీను మీద ఉండేది. గుర్రం వీపు మీద వేసే జీనే, ఇంకేదో కాదు.

ఆమె పుట్టిన ఊరు చర్ల దాటి అడవిలోకి పోయే దారిలో ఉంది. ఆ ఊరి ముత్యాలమ్మకు ఒక చెక్క గుర్రం ఉంది. జాతర నాడు దాన్ని బండి మీద నిలబెట్టి, వీపున జీను వేసి, జీను మీద అమ్మోరిని కూర్చోబెట్టి ఊరేగిస్తారు. ఆ జీను మనం పెళ్లి గుర్రాల మీద చూసే రకం కాదు. ముందువైపు పిడికిలంత కొమ్ము ఒకటి లేచి ఉంటుంది. వెనకవైపు కుర్చీకి ఉన్నట్టు ఎత్తు. రెండు పక్కలా, కాళ్లు పెట్టే రికాబుల దాకా వేలాడే వెడల్పాటి తోలు రెక్కలు, వాటి నిండా పువ్వులు. ఎక్కడో పడమటి దేశంలో గుర్రాల మీద తిరుగుతూ పశువుల మందలు తోలేవాళ్లు వాడే జీను అది. అడవి కొట్టించడానికి వచ్చిన ఒక తెల్లదొర జ్వరం పడి, లేచి, మొక్కు కింద తన జీనును అమ్మోరికి ఇచ్చిపోయాడని ఊరంతా చెప్పే కథ.

మా అత్త కథ వేరు. దొర తన జీను తను తీసుకుపోయాడు. పోయేముందు దాన్ని వాళ్ల నాయన ముందు పెట్టి, తన తోటి దొరకు ఇలాంటిదే ఇంకొకటి చేసి పెట్టమన్నాడు. నాయన చేశాడు. తీసుకోవడానికి మాత్రం దొరలెవరూ తిరిగి రాలేదు. అది కొన్నాళ్లు ఇంట్లో దూలానికి వేలాడింది. తర్వాత ఊరి పెద్దలు తీసుకున్నారు, అమ్మోరికి చేరింది. నాయన పోయాడు. ఆ సంగతి తెలిసినవాళ్లు ఒక్కొక్కరే పోయారు. చివరికి కథ దొరకు మిగిలింది.

ఎవరు చేస్తే ఏమిటట అని నేనూ కొత్తలో అడిగాను. ఆ ఊళ్లో ఒక పద్ధతి ఉంది. అమ్మోరి వస్తువు ఏదైనా సరే, చేసిన ఇంటివాళ్ల చెయ్యే దాని మీద ముందు పడాలి. చెక్క గుర్రం చేసిన వడ్లవాళ్ల ఇంటి నుంచి మనిషి వచ్చి పట్టుకుంటేనే గుర్రం బండెక్కుతుంది. కుండ చేసిన కుమ్మరింటి మనిషి ఎత్తితేనే ఘటం కదులుతుంది. ఆ ఇంటిని పేరు పెట్టి పిలుస్తారు, బొట్టు పెట్టి ముందుకు తీసుకుపోతారు. జీనుకు మాత్రం ఇల్లు లేదు. దొర ఇల్లు సముద్రాల అవతల ఉంది కదా. అందుకని గుర్రం పొట్ట కిందుగా తిప్పి జీనును బిగించే పట్టీని, తంగు అంటారు దాన్ని, గుడి పెద్ద ఇంటివాళ్లు బిగిస్తూ వచ్చారు.

మా అత్త కోరుకునేది ఆ ఒక్కటే. ఒక్క జాతరకు తన పుట్టింటిని పిలవాలి. తన చేత్తో ఆ తంగు బిగించాలి. అన్నదమ్ములు పోయారు, వాళ్ల పిల్లలకు ఈ గొడవ పట్టలేదు. ఆ ఇంట్లో పుట్టి ఆ జీను కుట్టడం కళ్లారా చూసిన మనిషి ఆమె ఒక్కతే మిగిలింది.

ఇంకో మాట కూడా ఇక్కడే చెప్పాలి. మేం మాదిగలం. తోలు పని మా ఇళ్లది. జాతరలో మావాళ్ల డప్పు అందరికన్నా ముందు నడుస్తుంది, గుడి గడప దగ్గరికి వచ్చేసరికి బయట ఆగిపోతుంది. జాతర జాతరకూ ఆ జీనుకు నూనె పెట్టేది కూడా మా అత్త పుట్టింటి వాడవాళ్లే. తోలు కాబట్టి నూనె మీరు పెట్టండి, దొరది కాబట్టి పట్టీ మేం బిగిస్తాం అన్నట్టు ఉండేది లెక్క. ఇందులో నాకు తప్ప ఎవరికీ తిక్క కనపడేది కాదు.

ఆ ఏడు జాతర దగ్గర పడుతోంది. ఒక పొద్దున ఆమె అన్నం ముద్ద చేతిలో పట్టుకుని లేచి వీధిలోకి పోయి నిలబడింది. నాకు ఒళ్లు మండిపోయింది.

"పా అత్తా, ఆ జీను ఎవరు చేసిండో తేల్చుకుందాం," అన్నాను. "తేలినంక అన్న కుదురుగ కూసోని తింటవా?"

తింటానని తల ఊపింది. చేతిలో ముద్ద కుక్కకు వేసి కాళ్లు కడుక్కుంది. అప్పుడే బయల్దేరదామన్నట్టు.

అప్పట్లో నేను ఒక డీటీపీ షాపులో పనిచేసేదాన్ని. పెళ్లి కార్డులు, కరపత్రాలు, రబ్బరు స్టాంపులు చేసేవాళ్లం. షాపులో కొత్తగా ఒక డిజిటల్ కెమెరా కొన్నారు. నూనె పెట్టే రోజు కోసం దాన్ని అడిగి తీసుకున్నాను. జాతరకు నెలరోజుల ముందు జీనును గుడి బయటికి తెచ్చి, మంచం మీద ఎండకు పెట్టి, ఇప్పనూనె పట్టిస్తారు. మిగతా రోజుల్లో అది లోపల ఎర్రగుడ్డలో చుట్టి ఉంటుంది, మాకు కంటికి కూడా కనపడదు.

చర్లలో బస్సు దిగి జీపెక్కాం. దారిలో పోలీసు క్యాంపు దగ్గర అందరినీ దింపి సంచులు వెతికారు. నా సంచిలో కెమెరా చూసి ఇదెందుకని అడిగాడు ఒక కుర్ర కానిస్టేబులు. జీను ఫొటో తీయడానికన్నాను. ఏ జీను, ఎవరి గుర్రం, ఎక్కడ తిరుగుతోంది ఆ గుర్రం అని అతను ఒకదాని మీద ఒకటి అడుగుతుంటే, నేను ఎక్కడ నోరు జారతానోనని మా అత్తే ముందుకొచ్చి గుర్రం ముత్యాలమ్మదని చెప్పింది. అతను ఇద్దరినీ పైకీ కిందికీ చూసి పొమ్మన్నాడు. జీపెక్కాక కూడా నేను కెమెరా సంచిని ఒళ్లోంచి దించలేదు. ఆమె మాత్రం, అప్పుడే ఎండ ఎక్కుతోంది, వాళ్లు మనం లేకుండానే నూనె పెట్టేస్తారని డ్రైవరును తొందరపెట్టింది.

మేం పోయేసరికి జీను మంచం మీద ఉంది. గుడి అరుగు మీద కుర్చీలో గుడి పెద్ద కూర్చుని ఉన్నాడు. వాళ్ల తాతల కాలంలో కోస్తా నుంచి వచ్చి గోదావరి ఒడ్డున మిరప, పొగాకు వేసిన రైతుల ఇల్లు వాళ్లది. నెమ్మదైన మనిషి. ఫొటోలు తీసుకుంటానంటే తీసుకోమన్నాడు, అమ్మోరి ఫొటో మాత్రం వద్దన్నాడు.

మా అత్త గిన్నెలో ఇప్పనూనె తీసుకుని కూర్చుంది. నేను ఆమెను అలా చూడడం అదే మొదటిసారి. ఇంట్లో కొంగు సర్దుకుంటూ తిరిగే మనిషి ఈమేనా అనిపించింది. గుడ్డతో నూనె అద్దడం, అరచేత్తో రుద్దడం, తోలు తాగిందా లేదా అని వేలితో ఒత్తి చూడడం. రుద్దుతూనే నాకు చెప్పుకుంటూ పోయింది. తంగేడు బెరడు వేసిన నీళ్లలో తోలు నానబెట్టిన తొట్టి, ఆ వాసన, చెక్క మీద నాయన చెక్కుకున్న పువ్వుల అచ్చులు. తడి తోలు మీద అచ్చు పెట్టి సుత్తితో ఒక్క దెబ్బ కొడితే పువ్వు లేచేదట. నాయన చూడనప్పుడు ఆ అచ్చులు ఎత్తుకుపోయి వాకిట్లో బురద మీద గుద్దేదట ఆమె. వాకిలంతా పువ్వులేనట.

కూర్చునే చోటుకు వెనక ఎత్తు ఉంటుందన్నాను కదా, దాని వెనకవైపు ఏళ్ల తరబడి నూనె, కుంకుమ, మసి కలిసి గట్టిగా పేరుకుపోయి ఉంది. ఆమె గోటితో గీకింది. పెచ్చు లేచింది. మళ్లీ గీకింది. కింద గుండ్రంగా ఒక ముద్ర బయటపడింది. చుట్టూ గొలుసులాంటి అంచు, మధ్యలో అరిగిపోయిన గుర్తులు. నేను వంగి చూశాను. అన్నీ సరిగా తెలియలేదు కానీ రెండు మూడు మాత్రం ఇంగ్లీషు అక్షరాలే.

"ఏంది గది?" అంది.

అక్షరాలని చెప్పకుండా ఉండాల్సింది. చెప్పేశాను. పక్కనున్నవాళ్లు విన్నారు. ఇంకేం, దొర పేరు దొరికిందని అరుగు దాకా కబురు పోయింది. గుడి పెద్ద కూడా లేచి వచ్చి కళ్లజోడు సర్దుకుని చూశాడు. మా అత్త ముద్ర పక్కన ఎడమ చెయ్యి ఆనించి, తియ్యి ఫొటో అని నాకు సైగ చేసింది. ఆ చేతి మీద తేలు పచ్చబొట్టు ఉంటుంది, చిన్నప్పుడు పొడిపించుకున్నది. ఫొటో తీశాను. నూనె గిన్నె పక్కన పెట్టేసింది. మిగతా సగం వేరేవాళ్లు రుద్దారు.

భద్రాచలంలో ఇంటర్నెట్ సెంటర్ మా షాపుకు రెండు వీధుల అవతల. పాత జీనుల గురించి పట్టింపు ఉన్నవాళ్లంతా మాట్లాడుకునే చోటు ఒకటి ఇంటర్నెట్లో వెతికి పట్టుకున్నాను. నాకు వచ్చిన ఇంగ్లీషులో రాసి ఫొటోలు పెట్టాను. ఇది ఎవరు చేశారో చెప్పగలరా అని. ఇక అక్కణ్నుంచి నాకు మొదలైంది. మధ్యాహ్నం అన్నం మానేసి సెంటరుకు పోయేదాన్ని. కరెంటు లేదనేవాళ్లు. కరెంటు ఉంటే లైను లేదనేవాళ్లు. రెండూ ఉంటే జవాబు లేదు. షాపులో పెళ్లికొడుకు పేరున్న చోట పెళ్లికూతురు పేరు కొట్టి తిట్లు తిన్నాను. ఇంటికొస్తే గుమ్మంలోనే మా అత్త. ఏమన్నా వచ్చిందా అని అడగదు. నా మొహం చూసి పక్కకు తప్పుకుంటుంది. అడిగితేనే బాగుండేది.

చివరికి జవాబొచ్చింది. ఆ పడమటి దేశంలో జీనులు బాగుచేసుకుని బతికే ఒకాయన రాశాడు. మర్యాదగా, ఓపికగా రాశాడు. ముందు కొమ్ము తీరు, వెనక ఎత్తు, రెక్కల కోత చూస్తే ఇది తమ వైపుదేనన్నాడు. ఎవరు చేశారో చెప్పేది వెనక ఉన్న గుండ్రటి ముద్రేనట. దాని అంచును బట్టి తమ దగ్గర పాతకాలంలో పేరున్న ఒక దుకాణం వాళ్లదై ఉండొచ్చు, ముద్రను దగ్గరగా తీసి ఇంకో ఫొటో పంపితే గట్టిగా చెబుతానన్నాడు. పువ్వులు మాత్రం తనకు తెలిసిన పువ్వులు కావట.

ఇంటికొచ్చి చదివి చెప్పాను. మా అత్త గడపకు అటువైపు నిలబడి విన్నది.

"దుకాణపోళ్ల పేరు మా నాయన పని మీద ఎందుకుంటది?" అంది. కోపంగా కాదు, నిజంగానే తెలియక అడిగింది.

అప్పటికి నా మనసులో తేలిపోయింది. చిన్నపిల్లగా చూసిందేదో, పెద్దయ్యాక అనుకున్నదేదో, రెండూ కలిసిపోయి ఉంటాయి. ఆయన దానికి ఏ పట్టీయో కుట్టి ఉంటాడు, ఈమె జీను మొత్తం కుట్టాడనుకుంది. మా ఆయన అదే మాట పైకి అన్నాడు. ఆమె చెప్పులేసుకుని కరకట్ట మీదికి పోయింది. గోదావరి చూసి వచ్చింది. మళ్లీ పోయింది. ఆమె మీద జాలేసింది, ఆ జాలి నాకే నచ్చక ఇంకా చిరాకు పడ్డాను. ఈ గొడవ ఎత్తుకున్నందుకు నన్ను నేనే తిట్టుకున్నాను.

మొదలుపెట్టింది నేనే కాబట్టి ఆ ఇంకో ఫొటో కూడా పంపాను. తేలు పచ్చబొట్టు చెయ్యి ఉన్నదే, ముద్ర బాగా కనపడేది. ఈసారి జవాబు తొందరగానే వచ్చింది. చిన్న జవాబు. మీ ఫొటో కుడి ఎడమలు తారుమారైనట్టుంది, అక్షరాలు అద్దంలో చూసినట్టు వచ్చాయి, దయచేసి సరిగ్గా తిప్పి పంపండి అని.

నాకు తిక్క రేగింది. రోజూ ఫొటోలతో, అక్షరాలతో బతికేదాన్ని, నాకు చెబుతున్నాడా ఫొటో తిప్పడం? షాపుకొచ్చి విసురుగా కంప్యూటరు ముందు కూర్చుని ఫొటో తిప్పాను. నిజమే. ఆయన చెప్పినట్టే అక్షరాలన్నీ లేచి సరిగా నిలబడ్డాయి. ఒక పేరు, దాని కింద ఒక ఊరు. అంతా చదువుకోవచ్చు. సరే, అయిపోయింది, దొర దుకాణమే అనుకుని పంపబోతుంటే ఫొటోలో ఉన్న చెయ్యి కనపడింది. తేలు కుడిచేతి మీద ఉంది.

మా అత్త తేలు ఎడమ చేతిది.

మళ్లీ వెనక్కి తిప్పాను. చెయ్యి సరిగ్గా ఉంది, అక్షరాలు తిరగబడ్డాయి. మళ్లీ తిప్పాను. అక్షరాలు సరిగ్గా ఉన్నాయి, తేలు చెయ్యి మారింది. ఎన్నిసార్లు తిప్పానో నాకే తెలియదు. తారుమారైంది ఫొటో కాదు. తోలు మీద పడ్డ ముద్రే అలా ఉంది.

అది మా షాపులో చేరిన ప్రతివాళ్లూ మొదటి వారంలో ఒక్కసారైనా చేసే తప్పు. రబ్బరు స్టాంపు మీద అక్షరాలు తిరగేసి ఉండాలి. అప్పుడే కాగితం మీద సరిగ్గా పడతాయి. కళ్లకు కనపడ్డట్టే స్టాంపు చేస్తే కాగితం మీద అన్నీ తిరగబడతాయి. పేరున్న దుకాణంవాడు తన పేరు తను తిరగేసి కొట్టుకోడు. చదువొచ్చినవాడు ఎవడూ కొట్టడు, కొట్టినా రెండో జీను మీద దిద్దుకుంటాడు. దొర జీను మీద ఉన్న ముద్రను ముందు పెట్టుకుని, చూసింది చూసినట్టే చెక్క మీద చెక్కి, తడి తోలు మీద పెట్టి ఒక్క దెబ్బ వేసిన మనిషి ఎవరో ఉన్నారు. ఆ మనిషికి ఆ భాష రాదు. ఏ భాష రాతా రాదు.

షాపులో పాడైన స్టాంపు ఒకటి, ఇంకు ప్యాడు ఒకటి సంచిలో వేసుకుని ఇంటికి పరుగెత్తాను. మా అత్త ముందు కూర్చుని, కాగితం మీద స్టాంపు గుద్ది చూపించాను. స్టాంపు మీద ఎటున్నాయి, కాగితం మీద ఎటు పడ్డాయి, ఇటు చూడు, అటు చూడు అని ఊపిరి తీసుకోకుండా చెప్పాను. ఆమె స్టాంపు చేతిలోకి తీసుకుని తనే గుద్దింది. ఇంకోసారి గుద్దింది. పువ్వయితే ఎటు తిప్పి చెక్కినా పువ్వే. ఆయన చేతికి పువ్వులు చెక్కడమే అలవాటు. ఇదీ అంతే అనుకుని ఉంటాడని నేను చెప్పక ముందే ఆమెకు అర్థమైంది.

"పేరని తెల్వదు మా నాయనకు," అంది. "గది గూడ ఒక పువ్వే అనుకున్నడు."

నవ్వింది. స్టాంపు పట్టుకుని, భుజాలు కదిలేలా నవ్వింది. ఎవడి పేరో తెచ్చి తన పని మీద కొట్టుకున్నాడు, అదీ తిరగేసి అని మళ్లీ నవ్వింది. నవ్వుతూ నవ్వుతూనే ఏడ్చింది. నేనూ ఏడ్చాను. మా ఆయన వచ్చి, ఊళ్లో రాత రానివాళ్లు మీ నాయన ఒక్కడేనా అని అడ్డం మాట్లాడితే, ఆ ఊళ్లో అప్పుడు తోలు కుట్టేది మా ఒక్క ఇల్లేనని కసిరింది. ఆమె కసరడం నాకు ఎంత ఇష్టంగా అనిపించిందో.

జాతరకు ముందే తేల్చేద్దామని మర్నాడే బయల్దేరాం. క్యాంపు దగ్గర ఈసారి నా సంచిలో పౌడరు డబ్బా తప్ప ఏమీ లేదు. దాని మూతకు లోపల అద్దం ఉంటుంది. అదే మా సాక్ష్యం.

గుడి పెద్ద కాదనకుండా జీనును అరుగు మీదికి తెప్పించాడు. మేం కింద నిలబడ్డాం. నేను ముద్ర ముందు అద్దం పట్టుకుని చూడమన్నాను. ఆయన వంగి ముద్రను చూశాడు, అద్దాన్ని చూశాడు. ఇంగ్లీషు చదువుకున్న మనిషే. అద్దంలో పేరు చదివాడు, తోలు మీద వేలు పెట్టి వెనక నుంచి ముందుకు మళ్లీ చదివాడు. నేను స్టాంపుల సంగతి చెబుతుంటే మధ్యలోనే చేత్తో ఆపాడు. అర్థమైంది ఆయనకు. నేను గెలిచాననుకున్నాను. మా అత్త కొంగు సర్దుకోవడం ఆపేసింది.

"నిజమేనమ్మా," అన్నాడు. "ఇది ఇక్కడ చేసిందే. మీ నాన్నే చేసుంటాడు." కళ్లజోడు తీసి తుడుచుకున్నాడు. "కాకపోతే మీ ఇంటి తోలు వస్తువంటే దాని చోటు బయట, డప్పుల దగ్గర కదా. ఇన్నాళ్లూ దొరదని లోపల పెట్టాం. తెలిశాక ఇంక పెట్టలేం. అమ్మోరికి కొత్తది తెప్పించుకుంటాంలే. దీన్ని మీరు తీసుకుపోండి."

చెడ్డగా అనలేదు. పైగా ఇస్తున్నట్టే అన్నాడు. ఇన్నేళ్లు దేని మీద కూర్చుంది మీ అమ్మోరు అని అడగడానికి నోరు తెరిచాను.

"లేదయ్యా," అంది మా అత్త.

నా చేతిలో అద్దం మీద తన చెయ్యి వేసి మూత మూసేసింది.

"నా కోడలు సదువుకున్న పిల్ల. అద్దంల జూసి ఏదో అనుకున్నది. మా నాయన చెప్పులు కుట్టినోడయ్యా. ఆయనకు గిసొంటియి ఏడొస్తయి? ఇది దొరదే."

ఆయన ఆమెను చూశాడు. ఆమె నేలను చూస్తోంది. ఆయనకు తెలుసని నాకు తెలుసు. సరే అయితే, అన్నాడు. ఎర్రగుడ్డ కప్పి జీనును లోపలికి పంపించాడు.

చర్లలో బస్సెక్కాక ఇక ఉండబట్టలేక అడిగాను, ఎందుకట్ల అన్నవు, ఇన్నేండ్లు తిరిగింది గిందుకా అని. ఆమె కిటికీలోంచి బయటికి చూస్తూ చెప్పింది.

"తంగు బిగించుడు ఒక్క పూటనే బిడ్డా. ఆడ ఉండుడు ఎప్పటికి. అమ్మోరు కూసునేది మా నాయన కుట్టిన దాని మీదనే గదా."

నాకు ఆ మాట నచ్చలేదు. ఇప్పటికీ నచ్చదు. సొంత నాయనను కాదని ఆయన పనిని కాపాడడం ఏమిటి? చేతిలో రుజువు పెట్టుకుని ఓడిపోయి రావడం ఏమిటి? ఆమెతో కొన్నాళ్లు సరిగా మాట్లాడలేదు. నా కోపం చల్లారక సెంటరుకు పోయి, జీనులు బాగుచేసే ఆయనకు రాశాను. ఫొటో తారుమారు కాలేదు, ముద్రే అలా ఉంది, చేసింది మా అత్త వాళ్ల నాయన, ఆయనకు చదువు రాదు అని. పువ్వులు ఇప్పుడు అర్థమయ్యాయి, కుట్టు చాలా బాగుందని ఆయనకు చెప్పండి అని జవాబు పంపాడు. కుట్టిన మనిషి లేడన్న సంగతి నేను రాయడం మరిచిపోయాను. మా అత్తకు చదివి వినిపిస్తే, ఎంత దూరపోడు అని మాత్రం అడిగింది.

జాతర నాడు ఎండ మండిపోతోంది. వడ్లవాళ్ల ఇంటిని పిలిచారు, గుర్రం బండెక్కింది. కుమ్మరింటిని పిలిచారు, ఘటం లేచింది. జీను దగ్గరికి వచ్చేసరికి ఎప్పటిలాగే ఎవరినీ పిలవలేదు. గుడి పెద్ద కొడుకు వంగి తంగు బిగించాడు. మా అత్త పక్కకు నేను చూడలేదు, చూస్తే అరుస్తానేమోనని. మావాళ్ల డప్పులు మొదలయ్యాయి. ఊరేగింపులో బండి మా వాడ ముందు కూడా ఆగుతుంది. అక్కడ అమ్మోరిని ఎవరైనా ముట్టుకోవచ్చు. జనం తోసుకుంటూ వచ్చి జీను రెక్కల మీద చెయ్యి వేసి కళ్లకద్దుకుంటున్నారు. మా అత్త ముందువైపు పోలేదు. బండి వెనకకు పోయి, చెయ్యి చాపి, ఎత్తు వెనక ముద్ర ఉన్నచోట పెట్టింది. కళ్లకద్దుకోలేదు. నూనె పెట్టిన నాడు చూసినట్టు బొటనవేలితో తోలును గట్టిగా ఒత్తి చూసింది, కుట్టు వెంబడి వేలు నడిపింది.

"ఏడ ఊడలే," అంది నాతో.

బండి కదిలిపోయింది. సాయంత్రానికి ఇల్లు చేరాం. ఆమె కాళ్లు కడుక్కుని, కంచంలో అన్నం పెట్టుకుని, గడప మీద కూర్చుని, లేవకుండా తిన్నది. నేను కంచం ముందు కూర్చోలేకపోయాను. వీధిలోకి వచ్చి నిలబడ్డాను. చర్ల బస్సు హారన్ వినిపించింది.